నాన్నగారి అంబాసిడర్‌లో ఆ సీసాలు పోయాలా?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు 1977లో కొన్న అంబాసిడర్ మార్క్ 3 పెట్రోలు కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నాన్నగారు రెండేళ్ల కిందట కాలం చేశారు. ఆయన ఓపిక ఉన్నన్నాళ్లూ రోజూ తీసేవారు. ఇప్పుడు నేను ఆదివారాలు గుంటూరు దాకా వెళ్లొస్తుంటాను. ఈమధ్య అమెరికా నుంచి వచ్చిన మా బావగారు లెడ్ సబ్‌స్టిట్యూట్ అని మూడు సీసాలు తెచ్చిచ్చారు. పాత ఇంజిన్లకు సీసం లేని పెట్రోలు పడదు, ఇది కలపకపోతే వాల్వులు పోతాయి అన్నారు. మా మెకానిక్ మాత్రం "ఇన్నేళ్లూ కలిపామా ఏంటి, అవన్నీ వద్దు" అంటున్నాడు. ఇంకో స్నేహితుడు విమానాలకు పోసే పెట్రోలు కొంచెం కలిపితే చాలంటాడు. సంక్రాంతి వెళ్లాక అమ్మను ఈ కారులోనే తిరుపతి తీసుకెళ్లాలని ఉంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తమ్ముడి పాత యెజ్డీ కూడా ఇంట్లో ఉంది. దానికీ పోయాలా?

సమాధానం: మీ బావగారు చెప్పింది అబద్ధం కాదు. మీ మెకానిక్ కూడా ఊరికే అనలేదు. విమానాల పెట్రోలు మాట మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి, సంగతేమిటో తర్వాత చెబుతాను. ఆ సీసాల మూత తీయడానికి ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. సన్నని సందులు కొలిచే రేకుల పరికరం, ఫీలర్ గేజి, ఒకటి తెచ్చుకుని టాపెట్ల గ్యాప్, అంటే వాల్వును నొక్కే రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య సందు, కొలవండి. సీసం లేని పెట్రోలు మీ ఇంజిన్‌ను తింటోందా లేదా అన్నది ఆ గ్యాప్ చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

ముందు అసలు పెట్రోల్లో సీసం ఎందుకు కలిపేవారో చూద్దాం. 1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ, టెట్రా ఇథైల్ లెడ్ అనే ద్రవాన్ని కొద్దిగా కలిపితే ఇంజిన్లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలి టకటకలాడడం) ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923 నుంచి బంకుల్లో అమ్మారు. కలిపింది నాకింగ్ కోసమే. వాల్వులకు మేలు జరగడం అనుకోకుండా కలిసొచ్చిన లాభం. ఈ రెండు పనులూ వేరువేరు అని గుర్తుంచుకోండి, ఎందుకంటే షాపుల్లో దొరికే సీసాల్లో కొన్ని మొదటి పనికి, కొన్ని రెండో పనికి. ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, పెంచే సీసా మీకు అక్కర్లేదు. మీ అంబాసిడర్‌ది తక్కువ కంప్రెషన్ ఇంజిన్. ఇవాళ బంకులో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేనే దానికి ఎక్కువ. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోసినా వాల్వు సీట్లకు ఒరిగేదేమీ లేదు, అందులోనూ సీసం ఉండదు కాబట్టి.

ఇక రెండో పని. మీ కారులో ఉన్నది బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ బీ సిరీస్ అని పిలిచిన 1489 సీసీ ఇంజిన్. హెడ్ మొత్తం పోత ఇనుము. వాల్వులు కూర్చునే సీట్లు విడిగా బిగించినవి కావు, అదే ఇనుములో కోసినవి. ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఎగ్జాస్ట్ వాల్వు సెకనుకు పాతిక సార్లు తెరుచుకుని ఠక్కున మూసుకుంటుంది. కాలిపోయిన గ్యాసంతా దాని పక్క నుంచే బయటికి పోతుంది కాబట్టి లోడు మీద అది ఎర్రగా కాలి ఉంటుంది. అంత వేడిలో ఇనుము ఇనుముకు తగిలినప్పుడు కంటికి కనపడనంత చిన్న చోట్ల రెండూ అతుక్కుంటాయి. వాల్వు లేచేటప్పుడు సీటు నుంచి ఆ కాస్త ఇనుమునూ పీక్కుని లేస్తుంది. పీకిన ఇనుము తుప్పుగా, గట్టి రవ్వలుగా మారి వాల్వు అంచునే పట్టుకుని ఉంటుంది. తర్వాత దెబ్బదెబ్బకూ అది ఆకురాయిలా సీటును అరగదీస్తుంది. సీసం ఉన్న రోజుల్లో దాని లవణాలు సీటు మీద పలచని పూతలా ఏర్పడి రెండు లోహాలూ అతుక్కోకుండా అడ్డం ఉండేవి. ఇన్‌లెట్ వాల్వులకు ఈ బాధ దాదాపు లేదు, లోపలికి వచ్చే చల్లటి మిశ్రమమే వాటిని చల్లబరుస్తుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునేటప్పుడు ఒక అంబాసిడర్ వచ్చింది. గ్యాస్ కిట్ పెట్టిన బండి. రోజూ హైదరాబాద్ ట్రిప్పు, నిండా జనం. "టాపెట్లు సెట్ చేసిన పది రోజులు బాగుంటుంది, మళ్లీ పొద్దున్నే స్టార్ట్ కాదు" అని ఓనరు గోల. హెడ్ దించి తిరగేసి బల్ల మీద పెట్టాం. కిరోసిన్‌తో కడిగాక చూస్తే ఇన్‌లెట్ వాల్వులు నాలుగూ సీటు అంచుకు సమంగా ఉన్నాయి. ఎగ్జాస్ట్ వాల్వులు నాలుగూ గుంటలో కూర్చున్నట్టున్నాయి. వాటి చుట్టూ వేలు పెట్టి తిప్పితే గోరు మెట్టుకు తగిలినట్టు తగిలింది. ఎల్పీజీలో సీసం ఎలాగూ ఉండదు, పెట్రోల్లా చుక్కలుగా వచ్చి సీటును తడిపేదీ ఏమీ ఉండదు. పైగా హైవే మీద గంటల తరబడి లోడు. పాత ఇనప హెడ్డుకు ఇంతకంటే కష్టం ఉండదు. మీకు మీ బావగారు భయపెట్టింది ఈ జబ్బు గురించే. ఇది నిజంగా ఉన్న జబ్బే, కానీ అన్ని బండ్లకూ ఒకేలా రాదు. నెమ్మదిగా, అప్పుడప్పుడూ తిరిగే బండికి చాలా నిదానంగా వస్తుంది, ఒక్కోసారి లెక్కలోకి రానంత.

మన దగ్గర సీసం పోయి పాతికేళ్లు దాటింది. సుప్రీంకోర్టులో ఎం.సి. మెహతా వేసిన వాహన కాలుష్యం కేసు నడుస్తున్న రోజుల్లో, 1994లో నాలుగు మహానగరాల్లో సీసాన్ని లీటరుకు 0.15 గ్రాములకు తగ్గించారు. 1995 ఏప్రిల్ నుంచి అక్కడే సీసం లేని పెట్రోలు మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే. అంటే నాన్నగారు ఆ తర్వాత రోజూ తీసిన ఏళ్లన్నీ సీసం లేకుండానే నడిపారు. మీ మెకానిక్ ధైర్యం అదే. ఒక్క విషయం మాత్రం ఆయన్ను అడగండి. ఈ మధ్యలో ఎప్పుడైనా హెడ్ దించారా? వాల్వులు గ్రైండింగ్ చేశారా? గట్టి సీటు ఇన్సర్టులు, అంటే పాత సీటు చోట విడిగా బిగించే గట్టి ఉక్కు రింగులు, వేశారా? ఆయనకు గుర్తు లేకపోతే నాన్నగారు దాచిన బిల్లులు వెతకండి. ఆ తరం వాళ్లు కారు కాగితాలు ఒక్కటి కూడా పారేయరు. ఇన్సర్టులు వేసినట్టు ఎక్కడైనా రాసి ఉంటే ఈ సమస్య మీది కానే కాదు, సీసాలు బావగారికి తిరిగి ఇచ్చేయొచ్చు.

బిల్లు దొరకలేదనుకుందాం, అప్పుడు ఫీలర్ గేజి పని. సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరుగుతుంది, దాంతో రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగ్గా మూసుకోదు, సందులోంచి మంట పోయి అంచు కాలిపోతుంది. అందుకే టాపెట్ల చప్పుడు తగ్గిందని సంబరపడకూడదు. కాస్త టకటకలాడే టాపెట్ మంచిదే, మొత్తానికే నోరు మూసుకున్న టాపెట్‌తోనే ప్రమాదం.

ప్లగ్గులు నాలుగూ విప్పి, రాకర్ కవర్ తీసి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇంజిన్‌ను మెల్లగా తిప్పండి. రేడియేటర్ వైపు నుంచి వాల్వులను 1 నుంచి 8 దాకా లెక్కపెట్టుకోండి. 8వ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వ దాన్ని కొలవాలి, 7 నొక్కుకున్నప్పుడు 2, అలాగే 6కి 3, 5కి 4. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఈ ఇంజిన్‌కు మామూలుగా 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మిల్లీమీటర్ల గ్యాప్ ఉంచుతారు, మీ దగ్గర మాన్యువల్ ఉంటే అందులో ఉన్నదే పాటించండి. వేడి మీద కొలిస్తే ఎప్పుడూ వేడి మీదే, చల్లగా కొలిస్తే ఎప్పుడూ చల్లగానే కొలవండి. ఇందులో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు. 2, 3, 6, 7 ఇన్‌లెట్. ఎనిమిదీ సరిగ్గా సెట్ చేసి, ఆ రోజు కిలోమీటర్ల రీడింగుతో సహా పుస్తకంలో రాసుకోండి. ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలవండి. ఎనిమిదింటిలోనూ ఒకేలా కొద్దిపాటి తేడా వస్తే అది మామూలు అరుగుదల. ఇన్‌లెట్లు ఉన్నచోటే ఉండి, ఎగ్జాస్ట్‌లు మాత్రం రెండు మూడు థౌ దగ్గరపడితే సీట్లు దిగుతున్నట్టే. అప్పుడు సీసా పోయడంలో అర్థముంది.

సీసాలో ఏముంటుందో కూడా తెలుసుకుని పోయండి. పేరు లెడ్ సబ్‌స్టిట్యూట్ అయినా అందులో సీసం ఉండదు. సీసం చేసిన పూత పనిని పొటాషియం, సోడియం, ఫాస్ఫరస్, మాంగనీస్‌లలో ఏదో ఒక దాని రసాయనం చేస్తుంది. బ్రిటన్‌లో సీసం పెట్రోలు ఆగిపోతున్న 1999లో అక్కడి పాత వాహనాల క్లబ్బుల సమాఖ్య మిరా అనే పరిశోధన కేంద్రంలో ఇలాంటి మందులను ఇంజిన్‌కు పోసి, పూర్తి లోడు మీద తిప్పించి పరీక్ష పెట్టించింది. పరీక్షకు వాడింది బీఎంసీ ఏ సిరీస్ ఇంజిన్, వరసకు మీ ఇంజిన్‌కు తమ్ముడు. ఈ నాలుగు రకాల్లోనూ పాసైనవి ఉన్నాయి. కాబట్టి సరుకు మంచిదైతే పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. ట్యాంకులో వేసే తగరం గుళ్లు, పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతాల జోలికి మాత్రం వెళ్లకండి. సీటు మీద పూత వేసేది వాటిలో ఏమీ లేదు.

మీ మూడు సీసాలూ ఒకే కంపెనీవా, లేబుల్ మీద ఏ రసాయనం రాసి ఉందో చూడండి. ఒక రకంతో ఇంకో రకం కలపొద్దు. ఈసారి ఇది, వచ్చేసారి అది అని మార్చడమూ మంచిది కాదు. లేబుల్ మీద చెప్పిన కొలతే పోయాలి. మందు కదా అని రెండింతలు పోస్తే సీటుకు రెండింతల మేలు జరగదు, ప్లగ్గులు పాడవుతాయి. మాంగనీస్ రకం అయితే ప్లగ్గుల మీద ఎర్రమట్టి రంగు పూత కనిపిస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ ఏ రకమైనా వట్టి చేతులతో ముట్టుకోవద్దు, వాసన పీల్చొద్దు. వాడుకునే సీసాను పిల్లలకు అందని చోట పెట్టండి. బంకుకు వెళ్లేటప్పుడు కొలత ప్రకారం ముందు మందు పోసి, తర్వాత పెట్రోలు కొట్టించండి. అది దానంతటదే బాగా కలుస్తుంది.

తిరుపతి ప్రయాణం సంగతి వేరు. తెనాలి నుంచి మూడు వందల కిలోమీటర్లు దాటే దారి, ఎక్కువ భాగం హైవేనే. ఆదివారం గుంటూరు వెళ్లి రావడంలో మీ ఇంజిన్ పడే శ్రమ ఏపాటిది? ఒంగోలు, నెల్లూరు మీదుగా గంటల తరబడి ఒకే స్పీడులో పరుగెత్తడం సీట్లకు అసలైన పరీక్ష. అందుకని ఈ ఒక్క ట్రిప్పుకు సీసా పోయమనే నా సలహా, టాపెట్లలో తేడా కనిపించకపోయినా సరే. మూడు సీసాలు ఉండనే ఉన్నాయి. అయితే మందు పోశాం కదా అని తొక్కకండి. అరవై, అరవై ఐదు దాటనివ్వకుండా వెళ్లండి. రెండు గంటలకోసారి ఆపండి, అమ్మకూ కాళ్లు చాపుకున్నట్టుంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పై గేరులో మూలుగుతుంటే లాగించొద్దు, వెంటనే కింది గేరు వేయండి. తిరిగొచ్చాక టాపెట్లు ఇంకోసారి కొలవండి. ఆదివారం తిరుగుళ్లకైతే, రీడింగులు కదలనంత కాలం మందు లేకపోయినా నడిచిపోతుంది.

మీ ఉత్తరంలో సీసం గురించి అంత రాశారు కానీ ఇథనాల్ మాటే లేదు. మీ కారుకు ఇవాళ నేను భయపడేది దాని గురించే. ఇప్పుడు బంకుల్లో దాదాపు అంతటా వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1977లో చేసిన రబ్బరు పైపులు, ఏసీ కంపెనీ పెట్రోలు పంపులోని డయాఫ్రం (కదిలే పలచని పొర), కార్బొరేటర్ ప్యాకింగులు దీన్ని ఊహించి చేసినవి కావు. ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత పగులుతుంది. మీ ఇంజిన్‌లో కార్బొరేటరూ, కాలిన గ్యాస్ పోయే మ్యానిఫోల్డూ ఒకే వైపున, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైపు కారితే ఆ పెట్రోలు పడేది నిప్పులా కాలుతున్న ఇనుము మీద. అమ్మను ఎక్కించుకునే కారులో ఈ ఒక్క పనీ వాయిదా వేయకండి. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ తీయించి, ఇథనాల్ తట్టుకునే పైపు వేయించండి. కొనేటప్పుడు పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ఉందా చూడండి. క్లిప్పులు కూడా కొత్తవి వేయించండి. పంపు డయాఫ్రం వైటన్ రబ్బరుది దొరికితే అదే వేయించండి.

ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. మీ డెల్టా గాలిలో తేమ ఎంతో మీకు తెలియనిది కాదు. వారమంతా సగం ట్యాంకుతో నిలబెడితే పై సగంలోని తేమగాలిలోంచి నీళ్లు దిగుతాయి. అవి ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు చేరి ట్యాంకును తుప్పు పట్టిస్తాయి. నిలబెట్టేటప్పుడు ట్యాంకు వీలైనంత నిండుగా ఉంచండి, లేదంటే కొద్దిగా పోయించి వారానికోసారి ఖాళీ అయ్యేలా వాడేయండి. పంపుకు ముందు లోపల కనిపించే ఫిల్టర్ ఒకటి పెట్టించండి. ఎర్ర తుప్పు కనిపిస్తే ట్యాంకు దించి కడిగించాలి.

వాల్వు సీట్లకూ దీనికీ సంబంధం ఉంది. ఇథనాల్ కాలడానికి పెట్రోలంత గాలి అక్కర్లేదు, దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది. అయినా మీ కార్బొరేటర్ జెట్టు పాత కొలతే పోస్తుంది, పాత కొలతే గాలి పీలుస్తుంది. దాంతో మిశ్రమం 7 శాతం దాకా పలచబడుతుంది. పలచని మిశ్రమంతో లోడు మీద నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా వేడెక్కుతుంది, సీట్లు అరగడానికి కావాల్సింది ఆ వేడే. హైవే మీద కాసేపు వెళ్లాక ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరే. సుద్దముక్కలా తెల్లగా ఉంటే మిశ్రమం పలచగా ఉన్నట్టు. ఎస్‌యూ కార్బొరేటర్ అయితే కింద జెట్టు నట్టుతో సరిచేయొచ్చు, సోలెక్స్ అయితే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేయించాలి. మీ మెకానిక్‌కు ఇది గంట పని. ఇది చేయించకుండా సీసాలు పోస్తే ఒక చేత్తో నీళ్లు పోసి ఇంకో చేత్తో మంట పెట్టినట్టే.

ఎప్పటికైనా టాపెట్లు మాటిమాటికీ దగ్గరపడటం మొదలైతే సీసాలతో నెట్టుకురావద్దు. హెడ్ దించి, ఎగ్జాస్ట్ సీట్లు నాలుగూ తొలిచి, గట్టి ఉక్కు ఇన్సర్టులు బిగించడమే శాశ్వత మందు. ఇది మామూలు గ్యారేజీ పని కాదు, మంచి లేత్ షాపులో చేయాలి. లోతు ఎక్కువ తొలిస్తే నీళ్ల గది గోడ పగులుతుంది, ఆ హెడ్ ఇక పనికిరాదు. ఇన్సర్టు వదులుగా ఉంటే నడుస్తుండగా ఊడి ఇంజిన్‌నే నాశనం చేస్తుంది. బీ సిరీస్ హెడ్లు చేసిన చెయ్యి ఎవరిదో ముందు విచారించుకోండి. అంతవరకూ బాగున్న హెడ్‌ను ముందుజాగ్రత్త పేరుతో దించకండి.

తమ్ముడి యెజ్డీ టూ స్ట్రోక్ బండి. దానికి వాల్వులే లేవు, కాబట్టి వాల్వు సీటు సమస్యా లేదు. రాజ్‌దూత్, లాంబ్రెటా, ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లకూ ఇదే జవాబు. టూ టీ ఆయిలు సరిగ్గా కలిపితే చాలు. ప్రీమియర్ పద్మినిది అల్యూమినియం హెడ్, సీట్లు విడిగా బిగించినవే ఉంటాయి కాబట్టి దానికీ దిగులు తక్కువే. డీజిల్ అంబాసిడర్ల వాళ్లు అసలు పట్టించుకోనక్కర్లేదు, డీజిల్లో సీసం ఎప్పుడూ కలపలేదు.

విమానాల పెట్రోలు విషయం. చిన్న విమానాలకు వాడే 100 ఎల్ఎల్ రకంలో సీసం లీటరుకు 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు. 1994లో మన నగరాలకు పెట్టిన హద్దుకు దాదాపు నాలుగింతలు. అది కాలి పోయేది మీ వాకిట్లో, మీ పిల్లలు ఆడుకునే మట్టిలోకి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకు తీసుకున్నా ఫరవాలేదు అనే కొలతే దానికి లేదు. 1924లో అమెరికాలో న్యూజెర్సీ బేవే రిఫైనరీలో టెట్రా ఇథైల్ లెడ్ తయారుచేస్తూ ఐదుగురు కార్మికులు పిచ్చెత్తినట్టయి చనిపోయారు. బండ్ల పెట్రోల్లో దీన్ని ప్రపంచంలో ఆఖరున అల్జీరియా 2021లో ఆపేసింది. ఒక వాల్వు సీటు కోసం దాన్ని మళ్లీ తెనాలికి తేవద్దు. సీటు అరిగితే లేత్ షాపులో బాగవుతుంది.

ఈ వారం పైపులు మార్పించి, టాపెట్లు కొలవండి. తిరుపతి వెళ్లొచ్చాక రెండు రీడింగులూ నాకు రాసి పంపండి. 1, 4, 5, 8 ఒక వరుసలో, మిగతా నాలుగూ ఇంకో వరుసలో రాయండి. వాటిని చూసి సీసాల సంగతి కచ్చితంగా చెప్పేస్తాను.